సాంటోరిని ద్రాక్షను కాపాడింది నేలలో లేనివే

సాంటోరినిలో ద్రాక్షతోటను చూపించి ఇదే తోట అంటే, మన దగ్గర ద్రాక్ష వేసిన రైతు వెంటనే నమ్మడు. పందిరి ఉండదు, స్తంభాలు ఉండవు, చాలా తోటల్లో డ్రిప్ కూడా ఉండదు. బూడిద రంగు గుల్లరాళ్ల నేల మీద, మోకాలి ఎత్తు కూడా లేని పొదలు పక్షి గూళ్లలా నేలకు అంటుకుని, ఒకదానికొకటి దూరందూరంగా ఉంటాయి. ఏజియన్ సముద్రంలోని ఈ చిన్న గ్రీకు ద్వీపంలో ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, ఆ కాస్తా దాదాపు చలికాలంలోనే పడిపోతుంది. మనం కరువు జిల్లా అని చెప్పుకునే అనంతపురంలోనే సగటున 550 దాకా పడుతుంది. కాయ ఊరే వేసవి నెలల్లో ఇక్కడ చినుకు పడటమే అరుదు, పైగా ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి రోజుల తరబడి విడవకుండా వీస్తుంది.

అయినా ఇక్కడ వేల ఏళ్లుగా ద్రాక్ష పండుతోంది. దీని గురించి చదివేకొద్దీ నాకు బలంగా అనిపించింది ఒకటే. ఈ తోటల్ని ఇంతకాలం నిలబెట్టినవాటిలో నేలలో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ.

సుమారు 3600 ఏళ్ల కిందట ఇక్కడి అగ్నిపర్వతం పేలింది. మనిషి చరిత్రలో అంత పెద్ద పేలుళ్లు చాలా తక్కువ. ద్వీపం నడిమి భాగం సముద్రంలోకి కుంగిపోయింది, మిగిలిన భాగం మీద బూడిద, ప్యూమిస్ అనే గుల్లరాయి కొన్ని చోట్ల పదుల మీటర్ల మందాన పేరుకుపోయాయి. అక్రోతిరి అనే ఊరు మొత్తం ఆ బూడిద కింద కప్పబడిపోయింది, 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు మొదలుపెట్టాకే అది మళ్లీ వెలుగు చూసింది. ఇప్పుడు తోటలున్న నేల ఆ పేలుడు పరిచి వెళ్లిన నేలే. సేంద్రియ పదార్థం బాగా తక్కువ, పొటాషియం తక్కువ, బంకమన్ను దాదాపు లేనట్టే. మట్టి పరీక్ష రిపోర్టు చూస్తే ఎవరైనా ఇక్కడ వ్యవసాయం వద్దనే అంటారు.

ఆ బంకమన్ను లేకపోవడమే 19వ శతాబ్దంలో ఈ ద్వీపాన్ని కాపాడింది. 1860లలో దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్ష తీగలు ఎందుకో తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో ప్లాన్షాన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఎండిన తీగల్ని వదిలేసి, ఇంకా ప్రాణంతో ఉన్నవాటి వేళ్లు తవ్వి చూస్తే, అక్కడ పసుపు రంగు సన్నటి పురుగులు గుంపులుగా కనిపించాయి. దాని పేరు ఫిలోక్సెరా. మన చేలల్లో కనిపించే పేనుబంకకు దగ్గరి జాతి. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మొక్కలతోపాటు ఓడల్లో వచ్చింది. అక్కడి అడవి ద్రాక్షకు ఈ పురుగుతో చాలాకాలంగా సావాసం ఉంది కాబట్టి తట్టుకునే గుణం వచ్చింది, యూరప్ తీగకు ఆ గుణం లేదు. కొన్ని దశాబ్దాల్లోనే యూరప్ తోటల్లో చాలా భాగం నాశనమైంది. చివరికి దొరికిన ఉపాయం అంటు కట్టడం, అంటే కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ. ఇప్పటికీ ప్రపంచంలోని వైన్ తోటల్లో ఎక్కువ భాగం ఇలా రెండు ఖండాల మొక్కలు కలిపి కట్టినవే.

సాంటోరినిలో ఆ అవసరం రాలేదు. ఫిలోక్సెరా ఒక వేరు నుంచి ఇంకో వేరుకు వెళ్లాలంటే మట్టిలో సందులు కావాలి. బంకమన్ను ఎండినప్పుడు బీటలు వారుతుంది కదా, ఆ బీటలే దానికి దారులు. ఇసుక, బూడిద లాంటి నేలలో బీటలు నిలవవు, రేణువులు జారి సందు మూసుకుపోతుంది, పురుగు కదల్లేదు. ఇది ఈ ద్వీపానికే ప్రత్యేకమైన అదృష్టం అనుకోనక్కర్లేదు. పోర్చుగల్‌లో కొలారెస్ దగ్గర, దక్షిణ ఫ్రాన్స్ తీరంలో ఎగ్-మోర్త్ దగ్గర ఇసుక దిబ్బల్లో ఉన్న తోటలు కూడా ఇలాగే బతికాయి. కాబట్టి సాంటోరిని తీగలు ఇవాళ్టికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి, ఆ వేళ్లలో కొన్నింటి వయసు వందల ఏళ్లు.

ఇక పులుపు సంగతి. ద్వీపంలో ప్రధానమైన రకం అసీర్తికో, తెల్ల ద్రాక్ష. వేడి ప్రాంతాల్లో ద్రాక్ష పండుతున్నప్పుడు చక్కెర పెరిగి పులుపు పడిపోవడం మామూలు, అందుకే వేడి ప్రాంతాల తెల్ల వైన్‌లు తరచూ చప్పగా ఉంటాయి. అసీర్తికో అంత ఎండలోనూ పులుపు పోగొట్టుకోదు. కొంత దాని జన్యువుల్లోనే ఉంది, కానీ నేల వంతు కూడా ఉంది. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం, మన చింతపండు పులుపూ దానిదే. పొటాషియం బాగా ఉన్న నేలలో అది కాయలోకి చేరి ఈ ఆమ్లంతో కలిసి లవణం అవుతుంది, వైన్ తయారయ్యేటప్పుడు ఆ లవణం పలుకులుగా అడుగున దిగిపోతుంది, దాంతో పులుపు తగ్గుతుంది. సాంటోరిని నేలలో పొటాషియమే తక్కువ, కాబట్టి కాయలో ఆమ్లం ఆమ్లంగానే మిగులుతుంది. మనం పొలానికి పొటాష్ సరిపోలేదని టెన్షన్ పడతాం, ఇక్కడ అది లేకపోవడం వల్లే ఈ ద్రాక్షకు ఇంత పేరొచ్చింది. ఈ రకం గుణం చూసి ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీకి చెందిన జిమ్ బ్యారీ వైన్స్ వాళ్లు సాంటోరిని నుంచి కొమ్మలు తెప్పించుకుని నాటారు. వేడి పెరుగుతున్న రోజుల్లో పులుపు నిలుపుకునే రకం కోసం చాలా దేశాల వాళ్లు వెతుకుతున్నారు మరి.

అయితే నేల ఒక్కటే తోటను నిలబెట్టలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది కత్తిరింపు. ఏటా చలికాలంలో రైతు వంగి, కొన్ని కొమ్మల్ని మాత్రమే ఉంచి, వాటిని గుండ్రంగా తిప్పి, పాత కొమ్మల మధ్య అల్లుతాడు. ఏళ్లు గడిచేకొద్దీ అది ఒక బుట్ట అవుతుంది, స్థానికులు దాన్ని కులూరా అంటారు. ఆకులు బయట, గెలలు లోపల. గాలి మోసుకొచ్చే ఇసుక కాయకు కొట్టుకోదు, మధ్యాహ్నం ఎండ నేరుగా తగలదు, రాత్రి సముద్రం మీంచి వచ్చే తేమ బుట్టలో కాసేపు నిలుస్తుంది. నేలలోని ప్యూమిస్ నిండా చిల్లులే కాబట్టి, చలికాలపు వాననీ ఈ తేమనీ పీల్చుకుని నెమ్మదిగా వేళ్లకు వదులుతుంది. మన దగ్గర పందిరి కాయను నేల నుంచి పైకి లేపుతుంది, గాలి ఆడాలని, తెగులు రాకూడదని. ఇక్కడ అలా పైకి లేపితే తీగ మెల్టెమి దెబ్బకు దొరికిపోతుంది. దేని చోటులో అది సరైన పద్ధతే, రెండూ తరాల తరబడి రైతులు చూసి నేర్చుకున్నవే.

బుట్ట పెరిగేకొద్దీ వేరు నుంచి కాయ దాకా నీరు వెళ్లాల్సిన దారి పొడవవుతుంది, దిగుబడి పడిపోతుంది. అప్పుడు, అంటే సుమారు 70, 80 ఏళ్లకోసారి, రైతు ఆ బుట్టను మొదలంటా కోసేస్తాడు. పాత వేరు నుంచి కొత్త చిగురు వస్తుంది, మళ్లీ మొదటి నుంచి అల్లిక. తాత అల్లిన బుట్టను మనవడు కోసి, అదే వేరు మీద తన బుట్ట మొదలుపెడతాడన్న మాట.

అసీర్తికో తోపాటు ఆథిరి, సువాసన ఉండే ఐదాని, ఎర్ర రకాల్లో మండిలారియా, మావ్రోట్రాగానో ఉన్నాయి. ఈ మావ్రోట్రాగానో కొన్ని దశాబ్దాల కిందట దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది, పారిస్ సిగాలాస్, హరిదిమోస్ హాట్జిదాకిస్ లాంటి వైన్ తయారీదారులు పట్టుబట్టి మళ్లీ నిలబెట్టారు. ద్రాక్షను రెండు వారాల దాకా ఎండబెట్టి చేసే విన్‌సాంటో అనే తియ్యటి వైన్ కూడా ఈ ద్వీపానిదే, ఒకప్పుడు అది ఓడల్లో రష్యా దాకా వెళ్లేది.

పురుగు చేయలేని పని ఇప్పుడు భూమి ధర చేస్తోంది. 1956 భూకంపం తర్వాత చాలా కుటుంబాలు ద్వీపం వదిలి వెళ్లిపోయాయి, చాలా తోటలు బీడుపడ్డాయి. ఆ తర్వాత టూరిజం వచ్చింది. పదిహేను వేల పైచిలుకు జనాభా ఉన్న చోటికి ఏడాదికి 30 లక్షలకు పైగా జనం వస్తుంటే, ఒక ఎకరంలో బుట్టలు అల్లడం కంటే గదులు కట్టడమే లాభం. మిగిలిన తోటలు సుమారు 1200 హెక్టార్లు, పాత విస్తీర్ణంలో సగం కూడా కాదు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు ఎలా ఉండేవో, వాటి చోట ఇప్పుడు ఏమున్నాయో తెలిసిన వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. దీనికి తోడు ఈ మధ్య ఏళ్లలో వరుసగా ఎండలు, వాన లేని చలికాలాలు రావడంతో దిగుబడి దారుణంగా పడిపోయింది. ద్రాక్ష ధర గ్రీస్‌లోనే అత్యధికం అయింది, కానీ చెట్టు మీద కాయే లేనప్పుడు ఆ ధర రైతుకు ఏం మిగులుస్తుంది?

కొందరు ఇప్పుడు వరుసల్లో తీగలు పాకించి, కొద్దిగా నీళ్లిచ్చి సాగు చేస్తున్నారు. దాన్ని తప్పుపట్టలేం, ఆ వంగి చేసే పని కష్టం, కూలీలు దొరకరు. కానీ తోటలో చచ్చిన మొక్క చోటును నింపడానికి ఇక్కడ ఒక పాత పద్ధతి ఉంది. పక్క తీగ నుంచి ఒక పొడవాటి కొమ్మను తల్లికి అంటుకుని ఉండగానే వంచి, నేలలో పాతి, అది వేరూనే దాకా ఆగుతారు. నర్సరీ మొక్క కొనక్కర్లేదు, అంటు అక్కర్లేదు, ఈ నేలలో ఆ సదుపాయం ఇంకా మిగిలి ఉంది. ఆ కొమ్మ వేరుపట్టి, కాపుకు వచ్చి, బుట్ట ఆకారం తీసుకునేసరికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి, ఈ చలికాలంలో దాన్ని పాతే రైతుకు పక్క పొలంలో విల్లాలు లేవవన్న భరోసా ఇప్పుడే కావాలి.