ఎదిగే పిల్లాడు, లూజుగా కుట్టు

చిట్టికి, ఒకే పుస్తకాన్ని వంతులేసుకుని చదువుతున్న దాని స్నేహితురాళ్ళకు,

తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో చిట్టి ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, ఆ పోనీబాయ్ అనే అబ్బాయిది అమెరికా, నాది కూకట్‌పల్లి. వాడికి అమ్మానాన్నా లేరు. నాకు ఇద్దరూ ఉన్నారు, కాస్త ఎక్కువగానే ఉన్నారు. వాడు కత్తుల గొడవల్లో తిరుగుతుంటాడు, నేను ట్యూషన్ల చుట్టూ తిరుగుతుంటాను. మరి చదువుతుంటే నా గురించే రాసినట్టు ఉంటుందేం?" నాకు వెంటనే తోచక "అమ్మని అడుగు" అని తప్పించుకున్నాను. అమ్మ ఏమందో తర్వాత తెలిసింది. "పరీక్షల ముందు ఇలాంటివి చదివితే టెన్షన్ తప్ప ఏమొస్తుంది" అందట.

అందుకని ఆ 'ఔట్‌సైడర్స్' నవల నేనూ తెప్పించుకున్నాను. రెండు రోజుల్లో పూర్తి చేశాను, మధ్యాహ్నం కునుకులతో కలిపి. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. సాహిత్య సిద్ధాంతాలు నాకు రావు. టైలరు కొడుకుని, నాకు తెలిసిన గుడ్డతోనే చెప్తాను.

మా నాన్నకు చీరాలలో చిన్న కుట్టు కొట్టు ఉండేది. జూన్ వచ్చిందంటే యూనిఫాం గుడ్డ చంకలో పెట్టుకుని, పిల్లల్ని రెక్క పట్టుకుని తల్లులు వరస కట్టేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట: "ఎదిగే పిల్లాడు, కాస్త లూజుగా కుట్టు." నాన్న టేపు పెట్టి కొలత అరిచేవాడు, నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. కానీ నేను రాసిన అంకె ఒకటి, నాన్న సుద్దతో గీత గీసే చోటు ఇంకొకటి. రెండంగుళాలు కిందికి గీసేవాడు. ఆ రెండంగుళాలూ లోపలికి మడిచి కుట్టేసేవాడు. మళ్ళీ ఏడాది పిల్లాడు వస్తే మడత విప్పి కొంత వదిలేవాడు. విప్పిన చోట ఒక గీత మిగిలిపోయేది. గీతకు పైన ఉతికి ఉతికి వెలిసిన రంగు, కింద కొత్త రంగు. రెండేళ్ళు వేస్తే రెండు గీతలు. ఎవడి లాగు అంచు చూసినా వాడు ఎన్ని జూన్‌లు ఎదిగాడో మాకు తెలిసిపోయేది.

నీ నవల అలా కుట్టిందే, చిట్టీ. కుట్టిన అమ్మాయికి అప్పుడు మీ వయసే. పేరు ఎస్.ఇ. హింటన్. ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అనే ఊరు. పదిహేనో ఏట మొదలుపెట్టింది, 1967లో పుస్తకం వచ్చేసరికి పద్దెనిమిది. బడి నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న స్నేహితుణ్ణి వేరే జట్టు వాళ్ళు కొట్టారని కోపం వచ్చి రాయడం మొదలుపెట్టిందట. ఈ నవల రాస్తున్న రోజుల్లోనే బళ్ళో రచన క్లాసులో ఆవిడకు 'డి' గ్రేడు వచ్చింది. (మార్కులు తగ్గినప్పుడు ఈ సంగతి అమ్మకు చెప్పొద్దు, నా పేరు అసలే చెప్పొద్దు.) ఆడపిల్ల రాసిందంటే మగపిల్లల ముఠాల కథని ఎవరూ నమ్మరేమోనని, ప్రచురించినవాళ్ళే పేరు కుదించి పొడి అక్షరాలు పెట్టమన్నారు. కొలతలు మాత్రం ఆ ఊరి కుర్రాళ్ళవే, టేపు జారకుండా తీసింది. అయినా లోపల గుడ్డ వదిలింది. పద్నాలుగేళ్ళ పోనీబాయ్‌కి తను ఎవరో తెలియదు, రచయిత్రి కూడా చెప్పదు. ఆ చెప్పకుండా మడిచిపెట్టిన గుడ్డ ఉంది చూడు, అది విప్పితే నీకు సరిపోయింది.

మేం చదివిన కథలు అలా ఉండేవి కావు. 1947 జూలైలో పుట్టిన చందమామ అంటే నాకు ప్రాణం, ఇప్పటికీ ప్రాణమే. కానీ పద్నాలుగో ఏట అది మోకాళ్ళ పైకి వచ్చేసింది. ఇంట్లో పెద్దవాళ్ళు చదివే వారపత్రిక సీరియల్ తీస్తే నేల మీద ఈడ్చేది, అందులో పెళ్ళిళ్ళూ అపార్థాలూ అనుమానాలూ. మధ్యలో మాకు సరిపడేది ఒక్కటి దొరికేది కాదు. ఇది మా ఊరి కరువే కాదు. తన వయసుకు చదవడానికేమీ లేక కూడా రాశానని హింటనే చెప్పుకుంది. ఆ తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. 1970లో జూడీ బ్లూమ్ రాసిన మార్గరెట్ కథ ఉంది, ఒళ్ళు మారుతున్న పిల్ల బెంగ అది. 1999లో వచ్చిన 'స్పీక్'లో ఒక అమ్మాయి తనకు జరిగింది చెప్పలేక మాట్లాడటమే మానేస్తుంది. అదే ఏడాది వచ్చిన 'మాన్‌స్టర్'లో పదహారేళ్ళ కుర్రాడు జైల్లో కూర్చుని తన విచారణనే సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. ఆ రెండూ ఇంకో ఏడాది ఆగి చదువు.

మళ్ళీ టల్సాకి వద్దాం. ఆ ఊళ్ళో రెండు జట్లు. డబ్బున్న పిల్లలు 'సోష్'లు, లేనివాళ్ళు 'గ్రీజర్లు'. గ్రీజర్లంటే జుట్టుకు జిడ్డు పట్టించి పెంచుకున్నవాళ్ళని. చదివి నవ్వుకున్నాను. మా అమ్మ ఆముదం పట్టించి దువ్వేది, ఆ లెక్కన మా వీధి వీధంతా గ్రీజర్లే. కానీ తర్వాత నవ్వు రాలేదు. పోలీసులకు దొరక్కుండా పాడుబడ్డ చర్చిలో దాక్కున్నప్పుడు, వాడి స్నేహితుడు జానీ, పోనీబాయ్ జుట్టు కత్తిరించి రంగు మార్చేస్తాడు చూడు. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా వాడు జుట్టు కోసమే ఏడుస్తాడు. పెద్దవాళ్ళకు అది వెర్రి. వాడికి ఉన్న ఆస్తల్లా అదే కదా.

ఇంకోటి, నువ్వు దాటేసి ఉంటావు. మొదటి అధ్యాయంలోనే సోష్‌లు వాణ్ణి చుట్టుముడతారు. వాళ్ళలో ఒకడిది నీలం మద్రాసు చొక్కా, అది ఇప్పటికీ కళ్ళ ముందుందని చెప్తాడు. ఆ మాట దగ్గర పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. మద్రాసు గుడ్డంటే మన దేశపు మగ్గాల గుడ్డ! చీరాల చుట్టుపక్కల కూడా గళ్ళ రుమాళ్ళు నేసి 'మద్రాసు రుమాలు' పేరుతో సముద్రం దాటించేవాళ్ళు. ఇక్కడ లుంగీలకు వాడే గళ్ళ గుడ్డ 1960ల అమెరికాలో డబ్బున్న పిల్లల ఫ్యాషను. ఉతికినప్పుడల్లా రంగు కారుతుంటే, మా నాన్నయితే గుడ్డ తెచ్చినవాణ్ణి తిట్టేవాడు. అక్కడ "రంగు తప్పకుండా కారుతుంది" అని గ్యారంటీ ఇచ్చి మరీ అమ్మారు. మన దగ్గర నేతగాడి పిల్లవాడు ఒంటికి చుట్టుకున్న గుడ్డే, అక్కడ పేదపిల్లవాడి మీదికి కత్తితో వచ్చిన జట్టు ఒంటి మీద ఉంది. గుడ్డకేం తెలుసు పాపం.

బట్టల మాట వచ్చింది కాబట్టి నాదొకటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు, మీ నానమ్మకు కూడా.

ఆ 1967లో నాకూ పద్నాలుగే. తొమ్మిదో తరగతి. ఊరందరి బట్టలూ కుట్టే ఇంట్లో మాకు కొత్త గుడ్డ కొనేవాళ్ళు కాదు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలతో నాన్న నాకు చొక్కా కుట్టేవాడు. బాగా కుట్టేవాడు, అతుకు కనపడేది కాదు. కానీ ఒకసారి జేబు వేరే గుడ్డ పడింది. లెక్కల క్లాసులో పక్క బెంచీ వాడు గుర్తుపట్టాడు. "ఒరేయ్, నీ జేబు మా నాన్న చొక్కా రా!" క్లాసంతా నవ్వింది. సాయంత్రం దాకా నోటుబుక్కు గుండెలకు హత్తుకుని తిరిగాను. ఆ వారంలోనే ఎవరో మాస్టారి చొక్కాలు ఇవ్వడానికి నాన్న బడికి వచ్చాడు, మెడలో టేపుతో సహా. నన్ను చూసి చెయ్యి ఊపాడు. కొత్తగా చేరిన కుర్రాడొకడు "ఎవర్రా ఆయన?" అన్నాడు. "మాకు బట్టలు కుట్టే ఆయన" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు చూడు.

ఆ రాత్రి నాలాంటి వెధవ భూమ్మీద ఇంకొకడు ఉండడనుకున్నాను. అక్కడ టల్సాలో ఇంకొకడు, అదే వయసువాడు, అన్నని అపార్థం చేసుకుని ఇల్లు వదిలి పరిగెత్తుతున్నాడని తెలిస్తే ఏమయ్యేదో చెప్పలేను. కాస్త నిద్రపట్టేదేమో.

ఆ అన్న సంగతి. డారీకి ఇరవయ్యేళ్ళు. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, కాలేజీ ఊసు మానుకుని ఇళ్ళ కప్పులు వేసే పనికి వెళ్తూ తమ్ముళ్ళని సాకుతుంటాడు. పోనీబాయ్‌కి మాత్రం అరిచే అన్నే కనపడతాడు. నువ్వు పోనీబాయ్‌లో నిన్ను చూసుకున్నావు. నేను డెబ్బై దాటాక చదివాను కదా, డారీ దగ్గర ఆగిపోయాను. మా అక్క ఎనిమిదో తరగతితో బడి మానేసింది. కొట్టు వెనక గదిలో లాంతరు పెట్టుకుని కాజాలు కుట్టేది. ఎడమ చేతి చూపుడు వేలి కొస సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకుగా అయిపోయింది. నేను పుస్తకం తీయకపోతే ఆ వేలితోనే నెత్తిన మొట్టేది. ఎప్పుడూ అరుస్తుందని నాకు కోపం. పుస్తకం పూర్తయిన రాత్రి ఫోన్ చేసి "అక్కా, నువ్వు నా కోసమే చదువు మానేశావా?" అని అడిగాను. "నాకు ఎక్కాలు రాక మానేశాలేరా, పడుకో" అంది. నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే.

అమ్మ భయం గురించి ఒక మాట. అమ్మది తప్పు కాదు. ఈ పుస్తకాన్ని బళ్ళోంచి తీసేయమని అమెరికాలో కూడా కొన్ని చోట్ల పెద్దవాళ్ళు గొడవ చేశారు. తాగుడు, సిగరెట్లు, కత్తులు ఉన్నాయని. ఉన్నాయి నిజమే. కానీ మంచి పిల్లలకు చెడ్డ సంగతులు పుస్తకంలోనే మొదటిసారి కనపడతాయని అనుకోవడం మా పెద్దవాళ్ళ అమాయకత్వం. దాచుకుని చదవకు. అమ్మ చేత కూడా చదివించు, డారీ దాకా వస్తే చాలు. పిల్లలు తలుచుకుంటే చాలా జరుగుతుంది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఒక బడి పిల్లలు, వాళ్ళ లైబ్రేరియనూ కలిసి ఈ నవలని సినిమా తీయమని కొప్పోలా అనే పెద్ద దర్శకుడికి ఉత్తరం రాశారు. 1983లో ఆయన తీశాడు!

చివరికి ఇంగ్లీషు మాస్టారు ఇచ్చిన వ్యాసం రాయడానికి పోనీబాయ్ కలం పట్టుకుంటాడు. వాడు రాసే మొదటి వాక్యమే ఈ పుస్తకం మొదటి వాక్యం. అంటే మనం ఇంతసేపూ చదివింది వాడి హోంవర్కు. అక్కడ ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాను, అంతే.

ఇంతకీ నీ ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పానో లేదో. కుట్టు పోలిక ఇంకా లాగితే చిరుగుతుంది. దసరాకు వచ్చినప్పుడు మా మంచం కింద రేకు పెట్టె తీయి. అడుగున మీ నాన్న ఎనిమిదో తరగతి ఖాకీ లాగు ఉంటుంది, మా నాన్న చేత్తో కుట్టిన ఆఖరి లాగుల్లో ఒకటి. కాలి అంచు తిరగేసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడు. మూడు గీతలు ఉన్నాయని నేనంటాను, నాలుగని మీ నానమ్మ అంటుంది. నీ కళ్ళు మంచివి. లెక్కపెట్టి ఎవరు గెలిచారో చెప్పు.

మీ తాతయ్య,
చీరాల