పొగాకు సొమ్ముకు పట్టిన గతే మళ్లీనా? మిసిసిపీ వివాదం వెనుక కథ

వ్యసనానికి దారితీసిన ఓపియాయిడ్ నొప్పి మాత్రల కంపెనీలు చెల్లిస్తున్న పరిహారాన్ని దేనికి ఖర్చు చేయాలన్న వివాదం అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో మళ్లీ రాజుకుంది. ఈ తగవు మూలాలు వెతికితే 1988 నుంచి 2004 వరకు అక్కడ అటార్నీ జనరల్‌గా (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారిగా) ఉన్న మైక్ మూర్ దగ్గరికే వెళ్లాలి. మన అడ్వకేట్ జనరల్‌ను గవర్నరు నియమిస్తారు. అక్కడ అటార్నీ జనరల్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు. ఈ తేడా లేకపోతే మూర్ కథే లేదు.

పొగాకు కంపెనీలపై దేశంలోనే తొలిసారిగా ఒక రాష్ట్రం తరఫున దావా వేసింది ఆయనే. 1994 మే 23న తన సొంత ఊరు పాస్కగూలాలో, జ్యూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) లేకుండా జడ్జే తేల్చే చాన్సరీ కోర్టులో దాఖలు చేశారు. పొగ తాగడం తాగేవాడి ఇష్టమన్న వాదనతో కంపెనీలు అప్పటికి దశాబ్దాలుగా గెలుస్తూ వచ్చాయి. రాష్ట్రం సిగరెట్ కాల్చలేదు, పేదల వైద్యానికి మెడికెయిడ్ పథకం కింద బిల్లులు మాత్రం కట్టింది, ఆ డబ్బు తిరిగి ఇవ్వాలన్నది మూర్ వాదన. క్లార్క్స్‌డేల్ న్యాయవాది మైక్ లూయిస్‌కు తట్టిన ఈ ఆలోచనకు మరో న్యాయవాది రిచర్డ్ స్క్రగ్స్ అండగా నిలిచారు.

1995 నవంబరులో అదే ఊళ్లో బ్రౌన్ అండ్ విలియమ్‌సన్ కంపెనీ మాజీ పరిశోధనాధిపతి జెఫ్రీ వైగాండ్ వాంగ్మూలం ఇచ్చారు. నోరు విప్పవద్దని కెంటకీ కోర్టు ఉత్తర్వు ఉన్నా, ఎదురుగా కూర్చున్న కంపెనీ న్యాయవాదులు అడుగడుగునా అభ్యంతరం చెబుతున్నా, నికోటిన్ గురించి కంపెనీ లోపల తెలిసినదేమిటో ఆయన చెప్పారు. ఇంతలో సొంత గవర్నరు కర్క్ ఫోర్డైసే, తన అనుమతి లేని ఈ దావా చెల్లదంటూ రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ అభ్యర్థనను కోర్టు ఆమోదించలేదు. 1997 జులైలో, విచారణ మొదలయ్యే ముందు, సుమారు 336 కోట్ల డాలర్లు చెల్లించేందుకు కంపెనీలు రాజీకి వచ్చాయి. మరుసటి ఏడాది 46 రాష్ట్రాలతో కుదిరిన 20,600 కోట్ల డాలర్ల ఒప్పందానికి దారి వేసింది ఈ కేసే.

అయితే నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి ఆ విజయం కంటే ఆ తర్వాత జరిగినదే ముఖ్యం. వచ్చిన సొమ్మును శాశ్వత ఆరోగ్య నిధిగా దాచి, దానిపై రాబడిని మాత్రమే వాడాలని 1999లో చట్టం చేశారు. బడ్జెట్ లోటు పడినప్పుడల్లా చట్టసభ అసలులోనే చేయిపెట్టింది, నిధి కరిగిపోయింది. పిల్లలను పొగాకుకు దూరంగా ఉంచే కార్యక్రమానికి ఏటా 2 కోట్ల డాలర్లు దక్కేలా మూర్ 2000లో కోర్టు ఉత్తర్వు సాధించారు. ఒకప్పుడు పొగాకు కంపెనీల తరఫున లాబీయింగ్ చేసిన సంస్థకు అధిపతిగా ఉన్న హేలీ బార్బర్ గవర్నరయ్యాక దాన్ని సవాలు చేశారు. ప్రజాధనం కేటాయించే అధికారం చట్టసభదేనన్న వాదన రాజ్యాంగపరంగా కాదనలేనిదే. 2006లో ఆ ఉత్తర్వు రద్దయింది. పిల్లల కోసం నడుస్తున్న కార్యక్రమానికి నిధులు ఆగిపోయాయి.

పదవి వీడాక మూర్ ఓపియాయిడ్ కేసుల్లోనూ రాష్ట్రాలకు తోడు నిలిచారు. పొగాకు సొమ్ము చేదు అనుభవం వల్లే, 2021లో పెద్ద మందుల పంపిణీ సంస్థలతో, జాన్సన్ అండ్ జాన్సన్‌తో కుదిరిన జాతీయ ఒప్పందంలో కనీసం 85 శాతాన్ని ఓపియాయిడ్ వ్యసన సంక్షోభ నివారణకే వాడాలన్న నిబంధన చేరింది. మిసిసిపీలో స్థానిక సంస్థలకు దక్కే 15 శాతానికి మాత్రం ఆ కట్టుబాటు లేదు. వ్యసనంతో బిడ్డలను పోగొట్టుకున్న కుటుంబాలు ప్రశ్నిస్తున్నది దీన్నే. రాష్ట్రం చేతిలో ఉన్న పెద్ద వాటాపై సిఫార్సులకు 2025లో సలహా మండలి ఏర్పాటైంది గానీ, తుది కేటాయింపు మళ్లీ చట్టసభ చేతిలోనే ఉంది.