ఒకే గ్రౌండు, రెండు జట్లు: గ్యాలరీ సందడిపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమైనా, కావలి, ఒంగోలు కాలేజీ గ్రౌండ్లయినా, మన దగ్గర ఏ ఫుట్‌బాల్ జట్టుకీ సొంత మైదానం ఉండదు. అందుకే ఈ అపోహలు ఇక్కడ ఎక్కువ.

అపోహ: ఇద్దరూ ఆడే గ్రౌండులో సొంతగడ్డ ఊపు రాదు.

వాస్తవం: ఇటలీలోని మిలాన్ నగరంలో ఉన్న శాన్ సీరో స్టేడియాన్ని ఏసీ మిలాన్, ఇంటర్ మిలాన్ (ఇంటర్) అనే రెండు ఫుట్‌బాల్ జట్లు 1947 నుంచి పంచుకుంటున్నాయి. దక్షిణం గోల్ వెనక గ్యాలరీ ఏసీ మిలాన్ అభిమానులది, ఉత్తరం వైపుది ఇంటర్ వాళ్లది. ఈ హద్దు మారదు. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలోనూ అంతే, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండూ ఆడేది అక్కడే. 1997 జులై 13న ఆ రెండింటి ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,781 మంది వచ్చారు. మనమూ సీజన్ మొదట్లోనే ఏ వైపు ఎవరిదో తేల్చుకుని, చివరిదాకా దాన్నే అంటిపెట్టుకోవాలి.

అపోహ: ఎన్ని డప్పులుంటే అంత మోత.

వాస్తవం: గ్యాలరీ చెడేది ఎక్కువగా ఇక్కడే. శబ్దం సెకనుకి 340 మీటర్లే పోతుంది. వంద మీటర్ల దూరంలో రెండు డప్పుల గుంపులు నిలబడితే ఒకరి దెబ్బ రెండోవారికి 0.3 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వరసలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే అర సెకను. ఇక పాట రెండుగా చీలక ఏమవుతుంది? నాలుగు డప్పులు చాలు, అన్నీ ఒక్కచోటే, గుంపు మధ్యలో. పాడేవాళ్లు 30 మీటర్ల వెడల్పు దాటకూడదు. పాట ఎత్తుకునే మనిషి ఆటకి వీపు పెట్టి జనం వైపు తిరగాలి. చివరి వరసలవాళ్లు చెవిని నమ్ముకుని కాదు, అతని చేతుల్ని చూసి చప్పట్లు కొట్టాలి.

ఇంకో సంగతి. సాయంత్రం సముద్రపు గాలికి తోలు చెమ్మగిల్లి వదులవుతుంది. సిర్ర (డప్పు కొట్టే పుల్ల) తగిలితే కణకణమనాల్సిన డప్పు బొదబొదమంటుంది. గేటు బయటే మంట మీద కాచుకుని లోపలికి రండి, గ్యాలరీలో నిప్పు రాజేయొద్దు. ఆట సాగేకొద్దీ తోలు మళ్లీ వదులవుతుంది కాబట్టి రెండో సగానికి ఫైబర్ డ్రమ్ము ఒకటి ఉంచుకోండి.

అపోహ: బ్యానర్ ఎంత పెద్దదైతే అంత అందం.

వాస్తవం: మన గ్యాలరీలకి 30 అడుగుల పొడవు, 20 అడుగుల ఎత్తు చాలు. అయిదడుగుల పన్నా గుడ్డ 30 అడుగుల ముక్కలు నాలుగు కలిపి కుట్టాలి. కాగితం మీద అంగుళం గళ్లు గీసి బొమ్మ వేసుకుంటే, గుడ్డ మీద ఒక్కో గడి ఒక్కో అడుగు. రంగు పల్చగా వేయండి. మందంగా పూస్తే మడత దగ్గర పెళుసెక్కి రాలిపోతుంది. పై అంచుకి 11 మంది, కింది అంచుకి 11 మంది, మూడేసి అడుగుల ఎడంతో పట్టుకోవాలి. మనుషులు అంతకన్నా తగ్గితే గాలికి తెరచాపలా లేచి చేతులు జారుతుంది. ఆట మొదలయ్యేలోపు దించేయాలి, కిందున్నవాళ్లకి ఊపిరాడదు, ఆటా కనపడదు.

అపోహ: ఇరుపక్షాలూ కలిసి కూర్చుంటేనే స్నేహం.

వాస్తవం: 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానుల గొడవలో 16 మంది చనిపోయారు. మధ్యలో ఖాళీ వరసలు వదలండి, గేట్లు వేరుగా పెట్టండి. జెండా తాళ్లు గేటు ఊచలకి కట్టొద్దు, జనం తోసుకొస్తే తలుపు తెరుచుకోదు. ఆట అయ్యాక తాళ్లు, టేపు, కాగితాలు మొత్తం ఏరేయండి. మర్నాడు అదే మెట్ల మీద కూర్చునేది రెండో జట్టువాళ్లు.