చోళ్ల జావ: చేను దాటిన తర్వాత

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో పాపకు ఆరు నెలలు నిండాక చోళ్ల జావ, అంటే రాగి జావ, పట్టడం పాత అలవాటే. ఒడియావాళ్లు మాండియా అంటారు, గింజ ఒకటే. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ పెట్టాక చోళ్ల పరపతి ఇంకా పెరిగింది. "కొండ పంట, మందు కొట్టలేదు" అంటే చాలు, బేరం ఆడకుండా కొనేస్తాం. మందు కొట్టకపోవడం మంచిదే. కానీ ఆ మాట చేను సంగతే చెబుతుంది. కోసిన తర్వాత గింజ ఎక్కడ ఎండింది, ఎలా నిలవ ఉంది, ఎప్పుడు పిండయింది అన్నవాటికి అది హామీ కాదు.

తేమ సుమారు 12 శాతానికి దిగకుండా గింజను సంచికెత్తితే బూజు పడుతుంది. జావపిండిలో కొందరు కలిపే వేరుశెనగ పలుకులతో టెన్షన్ ఇంకా ఎక్కువ. వాటి మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఆర్గానిక్ పంట అని బూజు వదిలిపెట్టదు. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు వాసన వచ్చేవీ ఏరి పారేయాల్సిందే. ఇక పురుగుమందు లేకుండా పండించిన గింజను తెచ్చి తారు రోడ్డు మీద, లారీ పొగలో ఆరబోయడం ఏం తర్కమో నాకు అర్థం కాదు. టార్పాలిన్ ఖరీదెంతని!

అసలు విశేషం మొలకలో ఉంది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే గింజలోనే ఉన్న ఫైటిక్ ఆమ్లం కాల్షియాన్నీ ఇనుమునూ పట్టి ఉంచి, ఒంటికి పట్టనివ్వదు. నానబెట్టి మొలకెత్తిస్తే గింజలోని ఎంజైములు ఆ ఆమ్లాన్ని కొంతవరకు విరగ్గొడతాయి. మొలకలో ఆమైలేజ్ అనే మరో ఎంజైము కూడా పెరుగుతుంది. మామూలు పిండితో జావ కాస్తే గంజి కట్టి చిక్కబడుతుంది. పాప మింగలేదని నీళ్లు పోస్తాం. చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. మొలకపిండిలోని ఆమైలేజ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి అంతే గిన్నెలో ఎక్కువ పిండి వేసినా జావ పలుచగానే జారుతుంది.

ఇక్కడే చెయ్యి తిరగాలి. కమ్మటి వాసన కోసం మొలకలను నల్లబడేదాకా వేయిస్తే ఆమైలేజ్ చచ్చిపోతుంది, అంత శ్రమా వృథా. బాగా ఎండబెట్టి దోరగా వేయిస్తే చాలు. మరోపక్క, తడిగుడ్డలో మొలక వచ్చే వెచ్చదనమే బ్యాక్టీరియాకూ అనుకూలం. దోర వేపుడుతో అవన్నీ చావవు. కాబట్టి జావను సన్నని సెగ మీద మొదలుపెట్టి, చివర్లో బాగా మరిగించాలి. మరిగితే జావ మళ్లీ చిక్కబడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. నెమ్మదిగా వేడెక్కేటప్పుడే ఆమైలేజ్ తన పని ముగించేస్తుంది.

పిండిమర దగ్గర ఒక్క ప్రశ్న: మన ముందు ఏం ఆడారు? మిరపకాయలైతే పాప నోరే చెబుతుంది. పిండి అయ్యాక గింజలోని నూనెకు గాలి తగిలి ముక్క వాసన వస్తుంది. సజ్జపిండికైతే మరీ త్వరగా. అందుకే నెలల తరబడి సరిపడా ఒకేసారి పట్టించకుండా, చల్లారిన పిండిని మూత బిగుతుగా ఉండే డబ్బాలో కొద్దికొద్దిగా పెట్టుకోవడం నయం.