పందొమ్మిది టైటిళ్ల తర్వాత ఒక మహిళా కోచ్: లెలే ఫొరూడ్ విజయాల వెనుక చరిత్ర

అమెరికాలో కళాశాలల క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ. మహిళా టెన్నిస్‌లో దాని అగ్రశ్రేణి (డివిజన్ వన్) జట్టు పోటీలు 1982లో మొదలయ్యాయి. 2000 దాకా 19 టైటిళ్లు. ఆ 19 సార్లూ గెలిచిన జట్టుకు హెడ్ కోచ్ పురుషుడే. 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టుతో లెలే ఫొరూడ్ ఆ వరుసకు తెర దించారు. హెడ్ కోచ్‌గా ఆమెకు అది మొదటి సీజనే. అదే విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు ఆడిన మనిషి ఆమె. మహిళల జట్టును మహిళ గెలిపించడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందన్నది ఆమె ప్రతిభ గురించి మాత్రమే చెప్పుకుంటే తేలే విషయం కాదు.

కాస్త వెనక్కి వెళ్లాలి. విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించిన ‘టైటిల్ నైన్’ చట్టం 1972 జూన్‌లో వచ్చింది. అప్పటికి కళాశాల మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళా కోచ్‌ల చేతుల్లోనే ఉండేవి. వాళ్లలో ఎక్కువమంది వ్యాయామ ఉపాధ్యాయినులు. పాఠాలు చెప్పే పనికి తోడు జట్టు బాధ్యతనూ మోసేవారు, దానికి విడిగా జీతం దక్కడం అరుదు. మహిళల పోటీలను నడిపేందుకు 1971లో ఏర్పడిన ఏఐఏడబ్ల్యూ కూడా ఇలాంటి అధ్యాపకుల సంస్థే. పురుషుల క్రీడల్లోని డబ్బు జబ్బు తమకు అంటకూడదని మొదట్లో ఆటగత్తెలకు క్రీడా స్కాలర్‌షిప్పులనే వద్దంది. ఉద్దేశం మంచిదే కావచ్చు, నష్టపోయింది మాత్రం అమ్మాయిలు.

ఆ స్కాలర్‌షిప్పుల నిషేధాన్ని కోర్టుకు లాగింది టెన్నిస్ వాళ్లే. ఫ్లోరిడాలోని మేరీమౌంట్ కళాశాలలో వ్యాయామ విద్య చూస్తున్న పీచీ కెల్‌మేయర్, కొందరు క్రీడాకారిణులతో కలిసి 1973లో దావా వేశారు. ఆమె సామాన్యురాలు కాదు, విద్యార్థినిగా మయామీ విశ్వవిద్యాలయ పురుషుల జట్టులోనే ఆడారు. ఏఐఏడబ్ల్యూ దిగివచ్చి నిబంధన సడలించింది.

ఫొరూడ్ స్టాన్‌ఫర్డ్‌కు ఆడింది ఆ వెంటనే, 1970ల మధ్యలో. తర్వాత ప్రొఫెషనల్ టూర్‌కు వెళ్లారు. 1978లో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు ఏఐఏడబ్ల్యూ జాతీయ టైటిల్ గెలిచినప్పుడు కోచ్ ఆన్ గౌల్డ్ అనే మహిళ. మరుసటి ఏడాది ఆ స్థానంలోకి ఫ్రాంక్ బ్రెనన్ వచ్చారు.

అసలు మలుపు ఇక్కడే ఉంది. చట్టం ఒత్తిడితో మహిళల జట్లకు నిధులు వచ్చాయి, కోచ్ పని జీతమున్న ఉద్యోగమైంది. జీతం రాగానే పురుషులూ దరఖాస్తు చేశారు. చాలాచోట్ల మహిళల క్రీడా విభాగాలను పురుషుల విభాగాల్లో కలిపేశారు, నియామకాలు పురుష డైరెక్టర్ల చేతికి వెళ్లాయి. అంతకుముందు టైటిల్ నైన్‌ను గట్టిగా ఎదిరించిన ఎన్‌సీఏఏ, 1981-82లో మహిళల పోటీలను తానే మొదలుపెట్టింది. ఆ దెబ్బకు ఏఐఏడబ్ల్యూ మూతపడింది. 2014 నాటికి మహిళా జట్లకు మహిళా కోచ్‌ల వాటా సుమారు 43 శాతం. ఆటగత్తెలకు మేలు చేసిన చట్టమే వాళ్ల కోచ్‌ల కుర్చీలను కదిలించింది. చట్టం తప్పు కాదిది, దాన్ని అమలు చేసినవాళ్ల అలవాటు.

బ్రెనన్ గొప్ప కోచ్, అందులో అనుమానం లేదు. 1982 నాటి తొలి ఎన్‌సీఏఏ టైటిల్‌తో కలిపి పది గెలిచారు. ఫొరూడ్ ఆయన దగ్గర చాలా ఏళ్లు సహాయకురాలిగా పనిచేసి, ఆయన 2000లో తప్పుకున్నాకే హెడ్ కోచ్ అయ్యారు. 2001, 2002, తర్వాత 2004 నుంచి వరుసగా మూడు, ఆపైన 2010, 2013, 2016, 2018, 2019. ఆమెవీ సరిగ్గా పదే.

కళాశాల టెన్నిస్‌లో కోచ్ ప్రేక్షకుల్లో కూర్చునే మనిషి కాదు. డబుల్స్‌కు ఒక పాయింటు, ఆరు సింగిల్స్‌కు ఆరు. ముందుగా నాలుగు సాధించిన జట్టుదే గెలుపు. సింగిల్స్ ఒకేసారి పక్కపక్క కోర్టుల్లో సాగుతుంటే, కోచ్ లోపలే ఉండి విరామాల్లో మాట్లాడవచ్చు. ఎవరి పక్కన నిలబడాలి, ఎవరిని వాళ్ల మానాన వదిలేయాలి అన్న నిర్ణయంలోనే కోచ్ పనితనం బయటపడుతుంది. 2013లో 12వ సీడ్‌గా (పోటీకి ముందు ఇచ్చే ర్యాంకు), 2016లోనూ 2018లోనూ 15వ సీడ్‌గా దిగిన జట్లను ఫొరూడ్ విజేతలను చేశారు. ఆ మూడు ఫైనళ్లూ 4-3తో తేలినవే. నా దృష్టిలో తొలినాళ్ల ఏకపక్ష విజయాలకన్నా ఇవే బరువైనవి.

ఓటమి కూడా అంతే అంచున వచ్చింది. 1999 నుంచి సొంత కోర్టుల్లో 184 మ్యాచ్‌లు వరుసగా గెలిచిన స్టాన్‌ఫర్డ్, 2011లో అక్కడే జరిగిన ఫైనల్‌లో ఫ్లోరిడాకు 3-4తో తలవంచింది. చివరి మ్యాచ్ మూడో సెట్‌లో 0-4తో వెనుకబడిన లారెన్ ఎంబ్రీ, మాలరీ బర్డెట్‌పై టైబ్రేక్ దాకా లాగి గెలిచింది.

హైదరాబాద్ క్రీడాకారిణి యమలపల్లి సహజ టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌కు ఆడాక, ఈ అమెరికా దారి మన తల్లిదండ్రులకూ పరిచయమైంది. అక్కడి అమ్మాయిలకు ఆట తర్వాత కోచ్ కుర్చీ ఎంత దూరమో చెప్పే లెక్క మాత్రం ఇంకా సన్నగానే ఉంది. 2025 దాకా డివిజన్ వన్ మహిళల జట్టు టైటిల్ గెలిచిన మహిళా హెడ్ కోచ్‌లు ఇద్దరే. రెండోవారు టెన్నిస్ దిగ్గజం పీట్ సంప్రాస్ అక్క స్టెల్లా. యూసీఎల్‌ఏకు ఆడి, దానికే కోచ్ అయి, 2008లోనూ 2014లోనూ గెలిపించారు. కోవిడ్ వల్ల 2020లో పోటీలు లేవు. 2021 నుంచి 2025 దాకా జరిగిన ఐదు టైటిళ్లూ మళ్లీ పురుష కోచ్‌ల జట్లకే వెళ్లాయి.