కిల్ట్‌ను మగవాడి బట్టగా చేసింది ఎవరు?

2017లో స్కాట్లాండ్ ఉత్తర ప్రాంత నగరమైన ఇన్వర్నెస్‌లో ఒక బార్‌లో పనిచేసే యువకులు డ్యూటీలో కిల్ట్, అంటే నడుము నుంచి మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల బట్ట, కట్టుకోవడం మానేశారు. తాగి వచ్చే ఆడవాళ్ల గుంపులు, లోపల ఏం వేసుకున్నావని అడగడంతో ఆగకుండా, రెండు చేతులా ఖాళీ గ్లాసులు పట్టుకుని ఎటూ తప్పించుకోలేని స్థితిలో ఉన్న వాళ్ల కిల్టులను పైకెత్తి చూడడమే అందుకు కారణమని అప్పటి వార్తలు తెలిపాయి. ఆడపిల్ల స్కర్టు విషయంలో నేరమయ్యే పని మగవాడి కిల్ట్ విషయంలో వేళాకోళంగా చెల్లిపోతోందన్న చర్చ అప్పుడు స్కాట్లాండ్‌లో కొంతకాలం నడిచింది. కిల్ట్ నిఖార్సైన మగవాడి దుస్తు అని గొప్పగా చెప్పుకునే దేశంలోనే, దాన్ని కట్టుకున్నవాణ్ణి చూడగానే ఆ ప్రశ్న నోటికి ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే సుమారు 400 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

స్కాట్ల భాషలో ‘కిల్ట్’ మొదట ఒక క్రియ. ఒంటిమీది బట్టను నడుము దగ్గర ఎగ్గట్టడమని దాని అర్థం. పొలంలో దిగేముందు పంచె ఎగ్గట్టే మనిషిని చూసినవారికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. 16వ శతాబ్దం చివరికి, హైలాండ్స్ అని పిలిచే కొండ ప్రాంతాల్లోనూ పశ్చిమ దీవుల్లోనూ మగవాళ్లు కుట్టని పొడవాటి ఉన్ని గుడ్డను కుచ్చిళ్లు పెట్టి, నడుముకు తోలు పట్టీ బిగించి, మిగిలిన భాగాన్ని భుజం మీదికి లాక్కునేవారు. 1594లో ఐర్లాండ్‌కు కిరాయి సైనికులుగా వెళ్లిన హెబ్రిడీస్ అనే ఆ పశ్చిమ దీవులవాళ్ల వర్ణనలో ఈ కట్టు స్పష్టంగా కనిపిస్తుంది. పగలు దుస్తు, రాత్రి దుప్పటి. వాగు దాటేటప్పుడు తడిసేది కాళ్లే తప్ప బట్ట కాదు. అదే ప్రాంతంలో ఆడవాళ్లు కూడా కుచ్చిళ్లు పెట్టి నడుము దగ్గర బిగించే గుడ్డనే, పాదాల దాకా వచ్చేలా, చుట్టుకునేవారు. అంటే తేడా గుడ్డలో లేదు, కట్టులోనూ పొడవులోనూ ఉంది. పంచె, చీర రెండూ కుట్టని గుడ్డలే అయినా ఒకదాన్ని చూసి మరొకటని మనం ఎన్నడూ పొరబడని విధంగానే అక్కడా కళ్లు అలవాటుపడ్డాయి.

భుజం మీది భాగాన్ని వదిలేసి నడుము కింది భాగాన్నే ఉంచుకున్న చిన్న కిల్ట్ 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వ్యాప్తిలోకి వచ్చింది. హైలాండ్స్‌లోని గ్లెన్‌గ్యారీలో ఇనుము కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి తన పనివాళ్ల సౌకర్యం కోసం దీన్ని రూపొందించాడని 1785లో అచ్చయిన ఒక లేఖ చెబుతుంది. జాతీయ దుస్తును ఇంగ్లీషువాడు కనిపెట్టాడంటే ఒప్పుకోని స్కాట్లు ఆనాటి నుంచీ ఉన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరు. ఆ రోజుల్లో మైదాన ప్రాంతపు స్కాట్లూ ఇంగ్లీషువాళ్లూ కిల్ట్‌ను ఎగతాళి చేసినప్పుడు ప్రధానంగా అన్న మాట ఆడంగి బట్ట అని కాదు. దరిద్రపు బట్ట, అనాగరికుల బట్ట, మానం కప్పని బట్ట అన్నారు. మగతనం గురించిన అనుమానం అప్పటికి దాని చుట్టూ పెద్దగా చేరలేదు. వారి ఇళ్లలోనే చిన్న మగపిల్లలు అయిదారేళ్లు వచ్చేదాకా గౌనుల్లాంటి బట్టలు వేసుకునేవారు, మొదటిసారి లాగు తొడిగిన రోజు ఇంట్లో వేడుకగా జరిగేది. ఆ రోజుతో పిల్లవాడు ఆడవాళ్ల పెంపకం దాటి మగవాళ్ల లెక్కలోకి వచ్చినట్టు. లాగు మగతనానికి గుర్తుగా స్థిరపడిన సమాజం ఒకవైపు, లాగు అక్కర్లేని మగవాళ్లు మరోవైపు.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో, పదవీచ్యుతులైన స్టువర్ట్ రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలనుకున్న జాకొబైట్ల తిరుగుబాటు అణిగిపోయాక, బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది. 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లాండ్‌లో ‘ఏ పురుషుడూ, బాలుడూ’ ప్లెయిడ్ (భుజం మీదికి వేసుకునే ఉన్ని గుడ్డ) గానీ కిల్ట్ గానీ ధరించరాదని ఆ చట్టం శాసించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి అయితే సముద్రాల అవతలి వలసలకు ఏడేళ్ల ప్రవాసం. చట్టంలోని ఆ రెండు మాటల మీద కాస్త ఆగాలి. ఆడవాళ్ల బట్టల జోలికి చట్టం వెళ్లలేదు. రాజ్యం భయపడింది ఆయుధం పట్టగల ఒంటికి, ఆ ఒంటిని చూపించే బట్టకు. ఒక దుస్తు మగవారిది మాత్రమే అని రాతపూర్వకంగా, శిక్షల పట్టికతో సహా ప్రకటించిన పత్రం ఇంతకంటే స్పష్టమైనది దొరకడం కష్టం. రాజు సైన్యంలో పనిచేసే అధికారులకూ సిపాయిలకూ మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. 1782లో నిషేధం ఎత్తివేసే నాటికి ఒక తరం గడిచిపోయింది. ఆ 35 ఏళ్లలో కిల్ట్ చట్టబద్ధంగా బతికిన చోటు బ్లాక్ వాచ్ వంటి హైలాండ్ పటాలాలే. కొండ రైతు పనిబట్ట అలా యూనిఫామ్ అయింది, ఆ యూనిఫామే దానికి మగ గుర్తింపును గట్టిపరిచిందని నా అభిప్రాయం.

అయితే సైన్యంలోనూ ఈ గుర్తింపు అందరినీ ఒప్పించలేదు. 1809లో ఆరు హైలాండ్ రెజిమెంట్ల నుంచి కిల్ట్‌ను తొలగించారు. కొండ ప్రాంతాల్లో చేరేవాళ్లు చాలడం లేదని, ఈ దుస్తు ఉన్నంతకాలం ఇంగ్లండు మనుషులు వాటిలో చేరడానికి వెనకాడతారని అధికారులు తేల్చుకున్నారు. 1815లో నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం తర్వాత ప్యారిస్‌లో బస చేసిన హైలాండ్ సిపాయిలు ఆ నగరానికి వింతయ్యారు. వంగిన సిపాయి వెనక నిలబడి ఓరచూపు చూసే ఫ్రెంచి ఆడవాళ్ల వ్యంగ్యచిత్రాలు విరివిగా అచ్చయ్యాయి. ఎలిసీ భవనంలో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ కొందరు హైలాండర్లను పిలిపించుకుని బట్టలూ ఆయుధాలూ పరిశీలించాడు. లోపల ఏమైనా వేసుకున్నానేమోనన్న అనుమానంతో చక్రవర్తి నా చర్మం గిల్లి, కిల్ట్ పైకెత్తి మరీ చూశాడని వారిలో ఒక సార్జెంటు తర్వాత చెప్పాడు. ఇన్వర్నెస్ బార్‌లో జరిగినదానికి ఇది రెండు శతాబ్దాల ముందటి రూపం. ఒకసారి ఆ చెయ్యి చక్రవర్తిది, మరోసారి కస్టమరుది.

1857 నవంబరులో లక్నో సికందర్ బాగ్ దగ్గర పోరాడిన 93వ హైలాండర్ల రెజిమెంటు సిపాయిలు కిల్టుల్లోనే ఉన్నారు. ఇలాంటి దళాలను ఉత్తరాది జనం ‘ఘాగ్రా పల్టన్’ (లంగాల పటాలం) అన్నారని ఆ కాలపు సైనికుల జ్ఞాపకాల్లో కనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు వీరిని ‘నరకం నుంచి వచ్చిన ఆడవాళ్లు’ అన్నారనే కథ మరింత ప్రసిద్ధం, కానీ ఆ మాట బ్రిటిష్, అమెరికన్ రాతల్లో దొరికినంతగా జర్మన్ రాతల్లో దొరకదు. అది శత్రువు పెట్టిన పేరు కావడం కంటే తమవాళ్లు ముచ్చటపడి చెప్పుకున్న పేరు కావడానికే అవకాశం ఎక్కువ. బట్ట ఆడదిలా ఉన్నా మనిషి భయంకరుడు అనే వైరుధ్యమే ఆ ముచ్చటకు ఆధారం.

1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో పర్యటనకు నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్లు, ఆ తర్వాత విక్టోరియా రాణి కుటుంబానికి హైలాండ్స్‌లోని బాల్మోరల్ కోట మీద పెరిగిన మక్కువ కలిసి కిల్ట్‌ను పెద్దింటి వేడుక దుస్తుగా మార్చాయి. కొండ పల్లెల జనాన్ని భూముల నుంచి వెళ్లగొడుతున్న కాలంలోనే వాళ్ల బట్ట దర్బారులోకి వచ్చింది. ఆ పర్యటనలో రాజు కిల్ట్ కింద చర్మం రంగు బిగుతు లాగు వేసుకున్నాడు, నవ్వులపాలయ్యాడు.

మగవారిదని ఇంతగా ముద్రపడిన బట్టను ఆడవాళ్లు తొడిగినప్పుడు ఏమైంది? హైలాండ్ నృత్యపోటీల్లోకి వచ్చిన అమ్మాయిలు మగవాళ్లలాగే కిల్ట్, ముందు వేలాడే స్పోరన్ సంచీతో ఆడేవారు. 1950ల్లో స్కాట్లాండ్‌లోని అబోయిన్ ఊరి క్రీడోత్సవ నిర్వాహకులు ఇది ఆడవారికి తగదని నిర్ణయించి, వారికి వేరే దుస్తు ఖరారు చేశారు. అది నేటికీ ‘అబోయిన్ డ్రెస్’ పేరుతో ఉంది. లాగు తొడిగిన ఆడదాన్ని తప్పుపట్టిన రోజులు అందరికీ తెలుసు. కుచ్చిళ్ల బట్ట తొడిగినందుకు ఆడదాన్ని మగవేషం వేసిందన్న సందర్భం అరుదు. ఇంగ్లండులో మాత్రం 1930లో మొదలైన డాగెన్‌హమ్ బాలికల బ్యాగ్‌పైప్ బృందం కిల్టుల్లోనే ఊళ్లు తిరిగి పేరు తెచ్చుకుంది.

ఈ రోజు కిల్ట్ ఎక్కువగా కనిపించేది పెళ్లిళ్లలో, ఫుట్‌బాల్ అభిమానుల గుంపుల్లో. పెళ్లికొడుకులు చాలామంది అద్దెకు తెచ్చుకుంటారు. సుమారు ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ, ముందు భాగం చదును, కుచ్చిళ్లన్నీ వెనక, అంచు మోకాలి చిప్ప దగ్గర. జేబులు లేవు కనుక స్పోరన్. మొదటిసారి కట్టుకున్నవాడికి కష్టం కూర్చునేటప్పుడు తెలుస్తుంది. వెనక కుచ్చిళ్లను అరచేత్తో తొడల కిందికి సర్దుకోవాలి, మోకాళ్లు ఎడంగా పెట్టకూడదు, స్పోరన్‌ను మధ్యలోకి జార్చుకోవాలి. ఇంట్లో ఆడపిల్లకు గౌను తొడిగిన నాటి నుంచి పదేపదే చెప్పే జాగ్రత్తను, ఆ మగవాడు ముప్పయ్యేళ్ల వయసులో, ఒక్కరోజు కోసం నేర్చుకుంటాడు.

కిల్ట్‌కు దొరికిన ఈ గౌరవం పక్కనున్న స్కర్టుకు అంటలేదు. 2017 వేసవిలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఎండలకు నిక్కర్లు అనుమతించలేదని పలువురు మగపిల్లలు యూనిఫామ్ స్కర్టుల్లో బడికి రావడం దేశమంతా వార్త అయింది. స్పెయిన్‌లో స్కర్టు వేసుకుని బడికి వెళ్లినందుకు ఒక విద్యార్థిని 2020లో తరగతి నుంచి పంపేసినప్పుడు, అతనికి మద్దతుగా అక్కడి ఉపాధ్యాయులు మొదలుపెట్టిన ఉద్యమం 2021 నవంబరులో ఎడిన్‌బరోలోని ఒక ప్రాథమిక పాఠశాలకు చేరింది. ఇష్టమైన పిల్లలు, ఆడైనా మగైనా, ఆ రోజు స్కర్టులో రావచ్చని పాఠశాల కోరింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు పిల్లల మీద రుద్దుతున్నారని అభ్యంతరపెట్టారు. అదే నగరంలో రాయల్ మైల్ వీధిలో కిల్ట్ కట్టుకుని బ్యాగ్‌పైప్ వాయించే మగవాళ్ల పక్కన నిలబడి పర్యాటకులు ఫోటోలు దిగుతూనే ఉంటారు.