పెద్దలకు గుండె ముందు, పిల్లలకు ఊపిరి ముందు

ఉన్నట్టుండి కుప్పకూలిన యాభై ఏళ్ల మనిషికీ, నీళ్ల సంపులోంచి పైకి తీసిన రెండేళ్ల పిల్లాడికీ చేసే సీపీఆర్ చూడటానికి ఒకేలా ఉంటుంది. ఛాతీ నొక్కుతారు, నోట్లోకి గాలి ఊదుతారు. ఆ ఇద్దరి ఒంట్లో జరిగింది మాత్రం వేరు. పెద్దాయన గుండె లయ చాలావరకు ఒక్కసారిగా చెదిరిపోయి ఉంటుంది. అంతకు నిమిషం ముందు వరకూ ఊపిరి బాగానే ఆడింది కాబట్టి రక్తంలో ఆక్సిజన్ ఇంకా ఉంది, దాన్ని మెదడుకు చేర్చే పంపు ఆగింది. పిల్లాడి గుండెలో ఏ లోపమూ లేదు. ముందు ఊపిరి ఆగింది, రక్తంలో ఆక్సిజన్ అడుగంటింది, ఆ తర్వాతే గుండె నెమ్మదించి నిలిచిపోయింది. ఆ రక్తాన్ని ఎంత తోసినా మెదడుకు దక్కేది తక్కువ. ఎవరికి ఎన్ని నొక్కులు, ఎన్ని ఊపిర్లు అని శిక్షణలో బట్టీ పట్టించే అంకెలు చాలావరకు ఈ తేడాలోంచి వచ్చినవే.

అసలు ఆలస్యమంతా గుర్తుపట్టడం దగ్గరే జరుగుతుంది. కరెంటు తీగ, వచ్చే వాహనాలు, లోతు నీళ్లు లాంటివి లేవని చూసుకుని, భుజాలు గట్టిగా తట్టి పిలవాలి. పసిబిడ్డయితే అరికాలిని వేలితో మీటాలి. ఉలుకూ పలుకూ లేకపోతే ఛాతీ, పొట్ట కదులుతున్నాయేమో చూడాలి, అదీ 10 సెకన్లకు మించకుండా. గుండె ఆగిన తొలి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి, గురక పెట్టినట్టుగా, ఉండుండి ఒక్కొక్క ఎగఊపిరి తీస్తారు. చుట్టూ చేరినవాళ్లు ‘ఇంకా ఊపిరుంది’ అనుకుని ఆగిపోయేది అప్పుడే. దాన్ని ఊపిరిగా లెక్కపెట్టకూడదు. మనిషికి స్పృహ లేదు, మామూలుగా ఊపిరి ఆడటం లేదు అంటే సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే. కొందరికి గుండె ఆగిన క్షణంలో కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకుంటాయి కూడా. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టి చూస్తూ కూర్చుంటారు. నిజంగా ఫిట్స్ అయినా ఆ తాళాల వల్ల ఒరిగేదేమీ లేదనుకోండి, అది వేరే సంగతి. మెదడు కణాలు 4 నుంచి 6 నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. నాడి వెతకడం డాక్టర్లకు, నర్సులకు వదిలేయండి. కంగారులో వాళ్లు కూడా తడబడతారు.

2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 నంబరు ఇప్పుడు ఊరూరా తెలిసిందే. ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి, పక్కన నేల మీద ఉంచితే రెండు చేతులూ పనికి మిగులుతాయి. చేతిలో ఫోన్ లేక, ఒక్కరే ఉంటే ఏం చేయాలన్నదానికి జవాబు మళ్లీ ఆ తేడాలోనే ఉంది. కళ్లముందే కుప్పకూలిన పెద్ద మనిషిని వదిలి అయినా ముందు కబురు పంపాలి, ఎందుకంటే అతనికి షాక్ ఇచ్చే యంత్రం కావాలి. ఊపిరి ఆగిన పిల్లాడికి ముందు 2 నిమిషాలు సీపీఆర్ చేసి, తర్వాత ఫోన్ వెతకాలి. చంటిబిడ్డయితే ఎత్తుకునే వెళ్లొచ్చు.

ఇక నొక్కడం. మంచం మీద పరుపుంటే మీరు నొక్కిందంతా పరుపే మింగేస్తుంది. మనిషిని నేల మీదకు దించి వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ, రొమ్ము ఎముక కింది సగం మీద, అరచేతిలో మణికట్టును ఆనుకుని ఉండే గట్టి భాగాన్ని ఉంచి, దాని మీద రెండో చెయ్యి వేయాలి. మోచేతులు వంగకూడదు, మీ భుజాలు సరిగ్గా మీ చేతులకు పైన ఉండాలి. అప్పుడు బలం కండరాల్లోంచి కాక ఒంటి బరువులోంచి వస్తుంది. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. వేగం నిమిషానికి 100 నుంచి 120, అంటే 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. అంతకన్నా తొందరపడితే లోతు తగ్గుతుంది, గుండెలో రక్తం నిండటానికి సమయం చాలదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది నొక్కడంలో కాదు, వదలడంలో. అలిసిపోయాక ఛాతీ మీదే వాలిపోతారు. ఛాతీ పూర్తిగా పైకి లేచినప్పుడే గుండెలోకి రక్తం తిరిగి వస్తుంది, గుండె కండరానికి సొంత రక్తం అందేది కూడా ఆ వదిలిన క్షణంలోనే. సగం వాలి నొక్కితే చెమటలు పట్టడమే మిగులుతుంది.

బాగా చేసిన సీపీఆర్ కూడా మామూలు రక్తప్రసరణలో పావు నుంచి మూడో వంతు వరకే అందించగలదు. ఆపిన ప్రతిసారీ ఆ కాస్త ఒత్తిడీ పడిపోతుంది, మళ్లీ పేరుకోవడానికి ఎన్నో నొక్కులు కావాలి. అందుకే ఏ విరామమూ 10 సెకన్లు దాటకూడదు. 2 నిమిషాలకోసారి మనిషి మారాలి, ‘నాకేం ఫరవాలేదు’ అన్నా సరే. తాను అలిసిన సంగతి చేసేవాడికంటే ముందు అతని చేతులకు తెలుస్తుంది, లోతు తగ్గిపోతుంది. పక్కటెముక పటుక్కుమన్న చప్పుడు రావచ్చు, వయసు మళ్లినవాళ్లలో మరీ మామూలు. చేతుల చోటు సరిచూసుకుని కొనసాగించాలి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆడవాళ్ల దగ్గర చుట్టూ ఉన్నవాళ్లు వెనకాడతారు. నొక్కడానికి జాకెట్ తీయనక్కర్లేదు, చీర కొంగు, గొలుసులు పక్కకు జరిపితే చాలు.

ఛాతీని బయటినుంచి నొక్కితే రక్తం కదులుతుందన్న సంగతి దాదాపు అనుకోకుండా బయటపడింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ షాక్ మీద ప్రయోగాలు చేస్తుండగా, బరువైన షాక్ పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు గీత కాస్త లేవడం గై నికర్‌బాకర్ గమనించాడు. అతను, విలియం కౌవెన్‌హోవెన్, జేమ్స్ జూడ్ కలిసి 1960లో ఆ పద్ధతిని ప్రచురించారు. అంతకు కొద్దికాలం ముందే జేమ్స్ ఈలం, పీటర్ సఫార్ నోటితో ఊదే గాలి సరిపోతుందని చూపించారు. మనం వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది.

ఆ ఊదడం పెద్దవాళ్లకు ఎంత అవసరం? హఠాత్తుగా కుప్పకూలినవాళ్లకైతే మొదటి కొన్ని నిమిషాలు నొక్కడం ఒక్కటే చాలు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ సామాన్యుల కోసం రూపొందించిన ‘కోల్స్’ పద్ధతి అదే, ఊపిర్లు లేకుండా నొక్కుతూ పోవడం. శిక్షణ ఉన్నవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిర్లు ఇస్తారు. ముందు చెప్పుకున్న షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఏఈడీ, విమానాశ్రయాల్లో, కొన్ని పెద్ద మాల్స్‌లో కనిపిస్తుంది. తెచ్చిన వెంటనే ఆన్ చేసి, ఒంటి మీద తడి తుడిచి, బొమ్మల్లో చూపినట్టు పట్టీలు అతికిస్తే మిగతాది అదే చెబుతుంది. షాక్ అవసరం లేనప్పుడు అది ఇవ్వదు. 8 ఏళ్ల లోపు పిల్లలకు చిన్న పట్టీలు వాడతారు. అవి లేకపోతే పెద్దవే ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద.

పిల్లల విషయానికొస్తే ఊపిర్లు వదిలేయడం కుదరదు. ఏడాది దాటినప్పటినుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు, ఏడాది లోపు శిశువులు. ఇద్దరికీ ఛాతీ మందంలో మూడో వంతు నొక్కాలి. పిల్లల్లో అది సుమారు 5 సెంటీమీటర్లు, శిశువుల్లో 4. పిల్లలకు ఒంటి చేత్తో లోతు వస్తే చాలు, రాకపోతే రెండు చేతులు. ఒక్కరే ఉంటే 30కి 2, శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరుంటే 15కి 2. ఊపిర్ల వాటా ఇలా రెట్టింపవడానికి కారణం మొదట చెప్పుకున్నదే. యూరప్ పద్ధతిలో అయితే నొక్కడానికి ముందే 5 ఊపిర్లు ఇస్తారు.

శిశువుకు ఇన్నాళ్లూ రెండు వేళ్లతో నొక్కమనేవారు. వేళ్లతో లోతు చాలడం లేదని తేలడంతో 2025 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు దాన్ని పక్కన పెట్టాయి. రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి పట్టుకుని, చనుమొనల గీతకు కాస్త కింద, రొమ్ము ఎముక మీద రెండు బొటనవేళ్లతో నొక్కాలి. చేతులు చుట్టూ అందకపోతే ఒక అరచేతి కింది భాగంతో. బొడ్డు వైపు జారితే కాలేయానికి దెబ్బ.

ఊదడంలో తల వాలు ముఖ్యం. పెద్దవాళ్లకు నుదుటిని వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే నాలుక గొంతుకు అడ్డు తొలుగుతుంది. శిశువు తల వెనకభాగం పెద్దది కాబట్టి చదునైన చోట పడుకోబెడితే మెడ ముందుకు మడతపడుతుంది, మరీ వెనక్కి వంచినా మెత్తని గాలిగొట్టం నొక్కుకుపోతుంది. భుజాల కింద మడిచిన తువ్వాలు పెట్టి, ముఖం నేరుగా ఆకాశం చూసేలా ఉంచాలి. మీ నోటితో బిడ్డ ముక్కు, నోరు రెండూ కలిపి మూసి, బుగ్గల్లో పట్టేంత గాలిని ఒక్క సెకను ఊదాలి. ఛాతీ లేచిందంటే చాలు. ఎక్కువ ఊదితే గాలి పొట్టలోకి పోతుంది, పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతుంది, వాంతి గొంతులోకి వస్తుంది. ఛాతీ లేవకపోతే గట్టిగా ఊదడం కాదు, తల వాలు మార్చి చూడాలి.

నీళ్లలో మునిగినవాళ్లు పెద్దవాళ్లయినా ఈ విషయంలో పిల్లల లెక్కే. వాళ్లకీ ముందు ఆగింది ఊపిరి, కాబట్టి ఊపిర్లతోనే మొదలుపెట్టాలి. మన దగ్గర జరిగేది మరొకటి. బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కుతారు, కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పుతారు. అలా బయటికొచ్చే నీళ్లు చాలావరకు పొట్టలోవి, ఊపిరితిత్తుల్లోవి కావు. వాంతి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం దానికి అదనం. నిమిషాలూ పోతాయి. నోటి దగ్గర నురగ వస్తున్నా తుడుస్తూ కూర్చోకుండా ఊదాలి. ఈత రాకుండా కాపాడటానికి దూకినవాళ్లు కూడా మునిగిపోవడం చెరువుల దగ్గర, కాలువల దగ్గర తరచూ వినేదే. తాడు, వెదురు గడ, ముడేసిన చీర ఒడ్డునుంచి అందించాలి. నడక నేర్చిన పిల్లలకు చెరువే అక్కర్లేదు, మూత సరిగా లేని సంపు, సగం నిండిన బకెట్ చాలు. తల బరువు ఎక్కువ, బోర్లా పడితే తమంతట తాము లేవలేరు.

గొంతుకు అడ్డం పడటం కూడా ఊపిరి కథే. దగ్గుతూ, ఏడుస్తూ, మాట్లాడుతూ ఉంటే గాలి ఇంకా ఆడుతోంది. దగ్గనివ్వాలి, నీళ్లు తాగించకూడదు. గొంతు పెగలదు, దగ్గులో చప్పుడు ఉండదు, పెదవులు నీలిబారతాయి అంటే అప్పుడు రంగంలోకి దిగాలి. ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో 5 దెబ్బలు. పోకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు బలంగా లాగాలి. గర్భిణులకు, పొట్ట చుట్టూ చేతులు అందనివాళ్లకు ఛాతీ మీద లాగాలి. శిశువులకు పొట్ట ముట్టుకోకూడదు. వాళ్ల కాలేయానికి పక్కటెముకల రక్షణ తక్కువ. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా, దవడ పట్టుకుని 5 వీపు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు, ఇలా మార్చి మార్చి. నోట్లో కంటికి కనిపించని దాని కోసం వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి జారుతుంది. స్పృహ తప్పితే సీపీఆర్, ఊదే ముందు ప్రతిసారీ నోట్లోకి ఒక చూపు.

సీతాఫలం గింజ, వేరుశనగ పలుకు, చింతపిక్క లాంటివి కొన్నిసార్లు బయటికి రాకుండానే దగ్గు తగ్గిపోతుంది. గింజ గొంతు దాటి ఊపిరితిత్తి కొమ్మలోకి దిగి ఉంటుంది. పిల్లాడు ఆడుకుంటాడు, ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. కొన్నాళ్లకు జ్వరం, తగ్గని దగ్గు, ఒకవైపే పిల్లికూతలు వస్తాయి, న్యుమోనియా మందులు వాడుతూ ఉంటారు. వేరుశనగ లాంటివి తడికి ఉబ్బి, అందులోని నూనె లోపలి పొరను వాచేలా చేస్తుంది. ఎక్స్‌రేలో గింజ కనబడకపోవచ్చు. అందుకే తింటూ తింటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరైన పిల్లాడిని దగ్గు ఆగిపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి, ఏం తింటుండగా, ఎన్ని గంటలకు జరిగిందో చెప్పాలి. బ్రాంకోస్కోపీ, అంటే సన్నని గొట్టంతో ఊపిరితిత్తి కొమ్మల్లోకి చూసే పరీక్ష, చేయాలా వద్దా అన్న నిర్ణయానికి ఎక్స్‌రే కంటే ఎక్కువగా పనికొచ్చేది ఆ నాలుగు మాటలే.